లేని నూనె ఆదా

మా దమ్మపేట మండలంలో రోడ్డు మీద కాసేపు నిలబడితే పామాయిల్ గెలల ట్రాక్టరు ఒకటైనా ఎదురవుతుంది. ఇటు అప్పారావుపేట ఫ్యాక్టరీ, అటు అశ్వారావుపేట ఫ్యాక్టరీ. కోసిన గెల ఎక్కువసేపు ఆగితే పండులో ఆమ్లం పెరిగి నూనె చెడుతుంది. అందుకని పెళ్లి బస్సైనా పక్కకి జరగాలి గానీ గెలల బండి ఆగదు. గెలలో ఎంత నూనె దిగుతుందన్న లెక్కని ఓఈఆర్ అంటారు, 19 శాతం చిల్లర. ఆ చిల్లర కాస్త అటూ ఇటూ అయితే టన్ను ధర మారిపోతుంది. అంచేత మా టీ కొట్టు దగ్గర వేలిముద్ర వేసే పెద్దమనిషి కూడా దశాంశాల్లో మాట్లాడతాడు. అలాంటి చోట, నూనె అమ్మిన డబ్బుతో, 'నూనె అక్కర్లేదు' అని అట్టపెట్టె మీద రాసుకున్న ఎయిర్ ఫ్రయర్ అనే యంత్రాన్ని కొంటున్నారు.

మా ఇంటికీ ఒకటి వచ్చింది. పెట్టె మీద ఖమ్మం జిల్లా అనే ఉంది. 2016లోనే మేం భద్రాద్రి కొత్తగూడెంలో కలిశామని పంపినవాడికి తెలుసు, అలవాటు చావలేదంతే. పంపినవాడు మా బామ్మర్ది. "బావా, ఇహ మీ ఇంట్లో నూనె చుక్క ఖర్చయితే ఒట్టు" అని ఫోను. అన్నవాడికి పదెకరాల పామాయిల్ తోట ఉంది. తన పంటకి తనే గొయ్యి తీస్తూ ఇంత సంబరపడే రైతుని నేను ఇంకెక్కడా చూడలేదు.

సరే, అందులో మొదట ఏం చేశాం? గారెలా, అరిసెలా, చేప ముక్కలా? కాదు. బ్రెడ్డు కాల్చాం.

బ్రెడ్డు కాల్చడానికి నూనె ఎప్పుడు కావలసొచ్చింది? పెనం మీద పెడితే కాలుతుంది, కుంపటి మీద పెడితే కాలుతుంది, పొయ్యి దగ్గర మరిచిపోతే దానంతటదే కాలుతుంది. నూనె మాన్పించే యంత్రంలో నూనెతో పనే లేని వస్తువుని పెట్టి, నూనె మిగిలిందని లెక్క రాసుకున్నాం. కల్లు ముట్టనివాడి చేత కల్లు మాన్పించి సన్మానం చేయించుకున్నట్టు.

నా చిన్నప్పుడు ఈ అడవి అంచు ఊళ్లలో బ్రెడ్డు తిండి కాదు, మందు. జ్వరం తగిలినవాడికి పాలల్లో ముంచి పెట్టేవాళ్లు. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టుతో వీధిలో నడిస్తే ఇంటికొకరు ఆపి "ఎవరికి బాలేదురా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడది ఆరోగ్యవంతుల టిఫిను. మా అమ్మ మాత్రం నా పళ్లెం చూడగానే నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

యంత్రం లోపల బ్రహ్మవిద్యేం లేదు. పైన ఎర్రగా కాలే తీగచుట్ట, దాని నెత్తిన ఫ్యాను. వేడిగాలి గిర్రున తిరుగుతుంది. కోడికాలుకి బరువుంది, కదలదు. బ్రెడ్డు ముక్క పాతిక ముప్పై గ్రాములు. గాలి తగిలిందో లేదో లేచి, తీగచుట్టకి అతుక్కుంది. లోపల జరిగేది పైకి కనపడదు. పొగ మాత్రం కనపడింది.

"దాని మీద జాలీ పెట్టాలి బావా" అన్నాడు బామ్మర్ది. జాలీ లేదు, అట్లకాడ పెట్టాం. అట్లకాడ కింద తెల్లగా, చుట్టూరా నల్లగా, ముక్క మీద అట్లకాడ అచ్చుగుద్దినట్టు దిగింది. పెనం మీద అట్లు తిప్పి తిప్పి మా అమ్మమ్మ చేతిలో అరిగిన అట్లకాడ అది. ముసలితనంలో దానికి బ్రెడ్డు ఎగిరిపోకుండా కావలి కాసే ఉద్యోగం వచ్చింది.

కరెంటు సంగతి చూద్దాం. 1500 వాట్ల యంత్రం. వేడెక్కడానికి మూడు నిమిషాలు, కాలడానికి అయిదు. దగ్గరదగ్గర యూనిట్‌లో అయిదో వంతు. 800 వాట్ల మామూలు టోస్టరు రెండు నిమిషాల్లో ఇందులో ఏడో వంతు కరెంటుతో పని ముగిస్తుంది. పైగా టోస్టరు తీగ దగ్గర్నుంచి మాడ్చి వదిలేస్తుంది గనక లోపల మెత్తదనం మిగులుతుంది. ఇక్కడ గాలి ముందు తడిని తాగేసి తర్వాత రంగు వేస్తుంది. అంటే వచ్చేది రస్కు. అది కిరాణా కొట్లో డబ్బా నిండా ఉంది, ఫ్యాను గట్రా లేకుండా.

టోస్టు జాతకంలోనే ఏదో తిరకాసు ఉన్నట్టుంది. కరెంటు టోస్టరుని 1893లో ఒక స్కాట్లాండ్ శాస్త్రవేత్త కనిపెట్టాడని వికీపీడియాలో ఏళ్ల తరబడి ఉండేది, జనం నమ్మారు, పుస్తకాల్లోకీ ఎక్కింది. 2022లో తేలిందేమంటే అలాంటి శాస్త్రవేత్తే లేడు, కుర్రాళ్లు వేళాకోళానికి పుట్టించిన మనిషి. లేని మనిషి కనిపెట్టిన టోస్టరుకి, లేని నూనెని ఆదా చేసే యంత్రం వారసత్వం పుచ్చుకోవడం న్యాయమే.

దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తోందని, 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో పామాయిల్ మిషన్ మొదలుపెట్టింది. ఆ మాట విని మా వాళ్లు మొక్కలు నాటారు. నాటి, ఇంటికెళ్లి, ఎయిర్ ఫ్రయర్ ప్లగ్గు పెట్టారు.

ఆదివారం బామ్మర్ది తన కానుక పనితనం చూడ్డానికి స్వయంగా వచ్చాడు. నాలుగు ముక్కలు కాల్చి పెట్టాం. గొంతు దిగలేదు. మా అమ్మ చూసి చూసి, ఒక్కోదాని మీద రెండు చెంచాల నెయ్యి పోసింది. "నెయ్యేగా అత్తయ్యా, నూనె కాదుగా" అని నాలుగూ లాగించాడు.

నేను ప్యాకెట్టు తిప్పి చదివాను. మైదా, చక్కెర, ఈస్టు, ఆ పక్కనే పామాయిల్. వేలు పెట్టి చూపించాను. సిగ్గుపడతాడనుకున్నా.

"మన గెలలదే అయ్యుంటది బావా" అన్నాడు, కళ్లు మెరుస్తూ. "ఇంకో రెండు ప్యాకెట్లు తెప్పించు, రేటు నిలబడుద్ది."