సినిమా రచయిత గడప తొక్కిన రోజులు

జూబిలీహిల్స్ చెక్‌పోస్టు మొదలు ఫిలింనగర్ దాకా ఏ కాఫీ షాపులోకి తొంగిచూసినా కథా చర్చలే. ల్యాప్‌టాప్ చుట్టూ నలుగురు కుర్రాళ్లు కూర్చుని ఉంటారు. బల్ల మీద ఒక్క పుస్తకం కనబడదు. ఏ కొరియా సినిమాలో ఇంటర్వెల్ మలుపు ఎక్కడ పడిందో వాళ్లకు కంఠతా వచ్చు. కొడవటిగంటి కుటుంబరావు రాసిన కథ ఒక్కటి చెప్పమంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. పిల్లలు తెలివైనవాళ్లే. చదివినవాడికి విలువ లేకుండా చేసిన పరిశ్రమ మీదే నా కోపమంతా.

మన సినిమా మాట నేర్చుకున్నదే రాసేవాళ్ల దగ్గర. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. పాటలు రాసింది ఖమ్మం వైపు నుంచి వచ్చిన చందాల కేశవదాసు. ఆరేళ్లు తిరిగేసరికి గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. ఆయన ‘ప్రజామిత్ర’ పత్రిక నడిపిన సంపాదకుడు. కథ కోసం ఆయన వెళ్లింది చలం దగ్గరికి. చలం పేరెత్తితే పెద్దమనుషులు ముక్కున వేలేసుకునే కాలమది. నాటకాల ఫక్కీలో గ్రాంథికం వల్లించడం మామూలైన ఆ రోజుల్లో తాపీ ధర్మారావు చేత మనుషులు మాట్లాడుకునే తెలుగులో సంభాషణలు రాయించారు. అప్పటికి ఐదేళ్ల కిందటే కన్నుమూసిన బసవరాజు అప్పారావు గీతాలను తెచ్చి తెరమీద పాడించారు. మరుసటి ఏడాది ‘రైతుబిడ్డ’కు మాటలు గోపీచంద్‌వి. కొసరాజు పాటలు రాసి, వేషమూ వేశారు. ఆ సినిమా చూసి జమీందార్లు మండిపడ్డారంటే ఆ రాతల్లో ఎంత పదునుందో చూసుకోండి.

నేను 1970ల మొదట్లో మద్రాసు రైలెక్కాను. పై తరం గురించి మా సీనియర్లు చెబుతుంటే విన్నాను, మిగిలినవాళ్లను కళ్లారా చూశాను. విజయా సంస్థకు ఒక యజమాని చక్రపాణి. ఆయన రచయిత. మదనపల్లి శానిటోరియంలో క్షయకు వైద్యం చేయించుకుంటూ బెంగాలీ నేర్చి, శరత్‌ను తెలుగు ఇళ్లలోకి తెచ్చిన మనిషి. కథ తెలిసినవాడు డబ్బు పెట్టే కుర్చీలో కూర్చున్నాడు కాబట్టే పింగళి నాగేంద్రరావు కలానికి అంత స్వేచ్ఛ దొరికింది. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ వరసగా వచ్చాయి. ‘మాయాబజార్’లో ఆయన పుట్టించిన మాటలు నేటికీ మన పిల్లల నోట ఆడుతున్నాయి.

బి.ఎన్. రెడ్డిగారి పద్ధతి చూడండి. ‘మల్లీశ్వరి’కి భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రిని పిలిపించి పాటలతోపాటు మాటలు కూడా ఆయన చేతే రాయించారు. ‘గాలివాన’ కథకు 1952 ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి రాగా, ఆ పాలగుమ్మి పద్మరాజు చేత ‘బంగారు పాప’ రాయించారు. అరువు కథలు అప్పుడు లేవా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి. ‘బంగారు పాప’కు మూలం ‘సైలస్ మార్నర్’ అనే ఇంగ్లీషు నవలే. కానీ తెరమీద చూసినవాడికి అది మన ఊరి కథే అనిపించింది. ఆ నవలకు తెలుగు ప్రాణం పోసింది పద్మరాజుగారి కలం. ఇప్పుడు ఆ మధ్యలో ఉండాల్సిన కలమే మాయమైంది.

మా కాలం నాటికి నవలల హోరు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లోనే ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’, ‘జీవన తరంగాలు’, ‘సెక్రటరీ’ ఒకదాని వెనక ఒకటి తెరకెక్కాయి. వారపత్రికలో సీరియల్ నడుస్తుండగానే హక్కుల కోసం కబురు పంపే నిర్మాతలుండేవారు. సినిమా హాల్లోకి వచ్చిన ఆడవాళ్లు కథ ముందే చదివి, ఎక్కడ మార్చారో ఎక్కడ చెడగొట్టారో తేల్చి చెప్పేవారు. అలాంటి ప్రేక్షకులు ఎదుట కూర్చుంటే ఏ దర్శకుడైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని తియ్యాల్సిందే.

మా రోజులన్నీ బంగారమేనని నేను అనను. మల్లాది రామకృష్ణశాస్త్రి అంతటి పండితుడు ఏళ్ల తరబడి పేరు లేకుండా పాటలు రాశారు. 1965లో ఆయన పోయారు. నేను వెళ్లేనాటికి కూడా మద్రాసు పానగల్ పార్కులో ఆయన కొలువుదీరిన చోటు కొత్తవాళ్లకు చూపించేవారు. ఆయన చుట్టూ చేరి అన్నమయ్య దగ్గర్నుంచి ఫ్రెంచి కథల దాకా విన్నవాళ్లు ఎందరో. ఆ పేరు తెరమీద ఆలస్యంగా పడడం మా తరాల తప్పు.

తర్వాత పరిశ్రమ హైదరాబాద్ వచ్చేసింది. స్టూడియోలొచ్చాయి, ల్యాబులొచ్చాయి, కొండరాళ్లు పగలగొట్టి మేడలు కట్టారు. పానగల్ పార్కు ఒక్కటి రాలేదు. పేరు లేకుండా రాయించుకునే పాపం మాత్రం భద్రంగా వెంట వచ్చింది. ఇవాళ కృష్ణానగర్ గదుల్లో సీన్లు రాసే ఘోస్టు కుర్రాళ్లను అడగండి. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, దర్శకత్వం అని ఒకే పేరు పడిన టైటిల్ కార్డు వెనక ఎందరి రాత్రులున్నాయో చెబుతారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి పాటల రచయితలకు రాయల్టీలో వాటా ఖాయం చేశారు. అది మా వాళ్లకు లేని రక్షణ, సంతోషం. కానీ కార్డు మీద పేరే పడనివాడికి ఏ చట్టం దిక్కు?

ఈమధ్య ఒక ఆఫీసుకు కథ చెప్పడానికి వెళ్లాను. పది నిమిషాలు గడవకముందే, “రెఫరెన్స్ ఏంటి సార్?” అన్నారు. రాయలసీమ నవల పేరు చెప్పాను. ఏ సినిమా అని మళ్లీ అడిగారు. తెలుగు నవల కథకు ఆధారం కాగలదన్న ఊహే ఆ గదిలో లేదు. కారణాలు నాకూ తెలుసు. సీరియళ్లు మోసిన వారపత్రికలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. హీరో డేట్లు ముందు, కథ తర్వాత అన్నది నియమమైంది. వేరే భాషలో ఆడిన సినిమా కొంటే నష్టభయం తక్కువన్నారు. కానీ రుజువులు ఎదురుగా ఉన్నాయి. మోహనకృష్ణ ఇంద్రగంటి 2004లో చలం కథ ‘దోషగుణం’తో ‘గ్రహణం’ తీస్తే, దర్శకుడి తొలి చిత్రానికిచ్చే జాతీయ పురస్కారం వచ్చింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ను క్రిష్ 2021లో అదే పేరుతో తెరకెక్కించారు. తలుచుకుంటే దారి ఉంది. తలుచుకునేవాళ్లే అరుదు.

అందుకే పెద్దలను అడుగుతున్నాను. ఫిలింనగర్‌లో తెలుగు కథలు, నవలలు, పాత స్క్రిప్టులు దొరికే మంచి గ్రంథాలయం ఒకటి పెట్టండి. రాత్రి పదింటిదాకా తెరిచి ఉంచండి. ప్రతి నిర్మాణ సంస్థలో అచ్చయిన తెలుగు సాహిత్యం చదివి చెప్పడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకోండి. ఒక సెట్టుకయ్యే ఖర్చులో అది ఏ మూలకు? రాసిన ప్రతివాడి పేరు కార్డు మీద వెయ్యండి. అంకెలతో పిలిచే జూబిలీహిల్స్ రోడ్లలో ఒకదానికి మల్లాది వారి పేరు పెట్టించండి. కొత్తగా వచ్చే కుర్రాడు ఆ బోర్డు చూసి, ఈయన ఎవరు, ఏం రాశారు అని అడగాలి. అడిగితే చెప్పడానికి మేమింకా ఉన్నాం.