రామప్పను బిట్లుగా చదువుతున్నారు

కాకతీయ శిల్పం అంటే ఇప్పటి పిల్లలకు నాలుగు బిట్లు. రామప్ప ఎప్పుడు కట్టారు? 1213. ఎవరు? రేచర్ల రుద్రుడు. ఎవరి సేనాని? గణపతిదేవుడి సేనాని. యునెస్కో గుర్తింపు? 2021. అయిపోయింది. గ్రూప్స్‌కు చదువుతున్న మా జనగామ కుర్రాణ్ణి మొన్న అడిగాను, ఆ గుడి గోడలు ఏ రంగు రాయిరా అని. ‘మెటీరియల్‌లో లేదు తాతా’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మా రోజుల్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాయే. మా సారు మమ్మల్ని రామప్ప ఉన్న పాలంపేట తీసుకుపోయి ముందు పుస్తకాలు మూయించేవారు. పురావస్తు పండితుడు యాజ్దానీ 1922లో ఆ గుళ్ల మీద వెలువరించిన గ్రంథం ఆయన సంచిలోనే ఉండేది, సాయంత్రం దాకా బయటికి వచ్చేది కాదు. ఒక్కొక్కరం మదనికలనే స్త్రీ శిల్పాల్లో ఒక్కోదాని కింద నిలబడి పెన్సిలుతో గీయాలి. బొమ్మ వంకరగా వచ్చినా ఏమీ అనేవారు కాదు. ఒంటి బరువు ఏ కాలి మీద ఉంది, నడుము ఎటు ఒరిగింది, ఎత్తిన చెయ్యి ఎక్కడ ముగిసింది అని మాత్రం వదలకుండా అడిగేవారు. గీయబోతేనే తెలిసేది, గోడలది ఎర్రటి ఇసుకరాయి, మదనికలవి నల్లరాయి అని. ఆ నల్లరాయి గట్టిది కాబట్టే హారంలో పూసలు కూడా విడివిడిగా తేలాయి, మెరుగు ఇప్పటికీ దిగలేదు. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టింది జాయపసేనాని నృత్తరత్నావళితో పాటు ఈ శిల్పాలను చూసే. ఫోనులో ఫొటో చూసి కాదు.

ఇప్పుడు వచ్చేవాళ్లు రామప్ప ముందు సెల్ఫీ దిగి వెనక్కి తిరుగుతున్నారు. దగ్గర్లోనే గణపురం కోటగుళ్లున్నాయి, అటు బండి తిప్పరు. భారతీయ చిత్రకళ ఎక్కడ మొదలైందంటే భీమ్‌బెట్కా అని గడగడా చెప్తారు. మంచిదే. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్ట రాళ్ల మీద కూడా ఆదిమానవుల బొమ్మలున్నాయని ఎవరూ చెప్పరే!

అంత దూరం కూడా వద్దు. జనగామ పక్కనే పెంబర్తి. ఇత్తడి రేకును లక్క మీద అతికించి, సన్నటి ఉలితో ఒక్కో దెబ్బా వేస్తూ పువ్వు పైకి లేపుతారు. దెబ్బ ఎక్కువైతే రేకు చిరుగుతుంది, తక్కువైతే పువ్వు లేవదు. అది కళ్లారా చూసినవాడికి గుడి తలుపు మీది తొడుగు ఎలా తయారైందో ఎవరూ చెప్పనక్కర్లేదు. జనగామలో చదివే పిల్లల్ని ఒక్క పూట ఆ పనివాళ్ల పక్కన కూర్చోబెట్టడానికి ఏ సిలబస్ అడ్డొచ్చింది?