పదిహేను పాయింట్లు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో టీచరు లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలంటే 90 పాయింట్లు చూపించాలి. అందులో 15 పాయింట్లు స్థానిక కంపెనీల్లో కొంతకాలం గడిపో, వాళ్లిచ్చే శిక్షణ తీసుకునో సంపాదించాలని 2019లో చట్టం చేశారు. పిల్లల్ని ఉద్యోగాలకు తయారుచేసేవాళ్లకు ఆ ఉద్యోగాలెలా ఉంటాయో తెలియాలన్నది దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. తన ఊళ్లో ఏ పని దొరుకుతుందో, దానికేం రావాలో తెలిసిన టీచరు పిల్లలకు ఎంతో మేలు చేయగలరు. కానీ టీచర్లకు బడి గోడ అవతలి లోకం తెలియదని ముందే తేల్చేయడమే వాళ్లను నొప్పించింది. ఆ ఏడాది నవంబరు 19న వేలమంది ఎర్రబట్టలు కట్టుకుని ఇండియానాపొలిస్‌లో శాసనసభ దగ్గరికి చేరారు. జీతాలు పెంచమన్నారు, ఈ నిబంధన తీసేయమన్నారు. మరుసటి ఏడాది దాన్ని ఐచ్ఛికం చేశారు.

ఆ మార్పు రాకముందు, ఒక శనివారం పొద్దున, ఆరుగురు హైస్కూలు టీచర్లు ఊరి చివర ఉన్న పెద్ద గోదాముకు వెళ్లారు.

మేనేజరు ఆ ఉద్యోగంలో కొత్తగా చేరినవాడు. ఎంతో మర్యాదగా కాఫీ ఇప్పించాడు, నారింజరంగు కోట్లు తొడిగించాడు, దగ్గరుండి అంతా తిప్పి చూపించాడు. "మీ పిల్లలకు చెప్పండి టీచర్. టైముకు రావాలి. చెప్పింది అర్థం చేసుకోవాలి. పది గంటలు కాళ్లమీద నిలబడగలగాలి" అన్నాడు. టీచర్లు రాసుకున్నారు.

వెనకనుంచి వస్తున్న ఫోర్క్‌లిఫ్ట్ హారన్ మోగకముందే ఇంగ్లిష్ టీచరు పసుపుగీత ఇవతలికి జరిగింది. ఎవరూ గమనించలేదు.

ఒక బెల్టు దగ్గర పెట్టెలు గుట్టగా పేరుకుపోయి ఉన్నాయి. అక్కడ ఎవరూ లేరు.

"ఏమనుకోకండి. ఇక్కడ పనిచేసేవాళ్లు ఇవాళ సెలవు. సమయానికి ఇంకొకరు దొరకలేదు" అంటూ మేనేజరు స్కానర్ చేతిలోకి తీసుకున్నాడు. "ఇది చేతికి అలవాటు కావడానికి వారమైనా పడుతుంది. ఎవరైనా ఒకసారి ప్రయత్నిస్తారా?"

ఇంగ్లిష్ టీచరు ముందుకొచ్చి స్కానర్ అందుకుంది. ఒక పెట్టె, ఇంకో పెట్టె, మరొకటి. లేబుల్ ఎటువైపుందో వెతకనైనా లేదు. చూస్తుండగానే గుట్ట సగం తరిగింది.

మేనేజరు ఆశ్చర్యపోయాడు. "ఇంత తొందరగా ఎలా పట్టుబడింది టీచర్ మీకు?"

"నాలుగేళ్లుగా ప్రతి శనివారం ఇక్కడ నిలబడేది నేనే సార్. మీ దగ్గర పాయింట్లు తీసుకోవాలని ఇవాళ సెలవు పెట్టాను."