సారుగారి వాయుసాధన

బజారులో ఒక పూటలో కొని తెచ్చుకొనదగిన వస్తువును నెలల తరబడి శ్రమించి స్వహస్తములతో నిర్మించుకొనుటయే పురుషార్థమని నమ్మిన మహానుభావుడొకడు ప్రతి చిన్న పట్టణమునందును ఉండితీరును. మక్తల్‌లో ఇట్టివారు పలువురు కలరు గాని, ఆ జాతిలక్షణములన్నియు ఒక్కచోట మూర్తీభవించినది మాత్రము, ఉద్యోగవిరమణానంతరము పెరటిలోని రేకుల కొట్టమును వడ్రంగిశాలగా మార్చుకొనిన గణితోపాధ్యాయునియందే. ఊరంతయు ఆయనను 'సారు' అని పిలుచును. మనకును ఆ పేరు చాలును.

కలపధూళిని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థవారు 1995లోనే మానవులకు కేన్సరు కలిగించు పదార్థముల ప్రథమశ్రేణిలో చేర్చిరని హైదరాబాదులోని కుమారుడు ఫోనులో హెచ్చరించి, ఊరుకొనక, ముక్కుకు కట్టుకొను మాస్కులను పార్సెలులో పంపుటతో ఈ కథ ఆరంభమైనది. సారు ఆ మాస్కులను ఆప్యాయముగా విప్పి, గుడ్డ నాణ్యమును వ్రేళ్లతో పరీక్షించి, కత్తిరించి, పెయింటు డబ్బా మూతికి జల్లెడగా బిగించిరి. ముక్కు కాపాడుకొనుట వ్యక్తిగత స్వార్థమనియు, కొట్టమంతటికిని గాలి ఆడించుట శాస్త్రమనియు వారి సిద్ధాంతము.

రెండువేల రూపాయలలోపుగా ఎగ్జాస్టు ఫ్యాను దొరకునే అని నేనొకసారి అన్నందులకు, వారు నావంక చూచిన చూపులో లెక్క తప్పిన విద్యార్థిపట్ల గురువునకుండు జాలి కనబడెను. బావమరిది యింట మూలబడిన కూలరునుండి పండ్రెండంగుళముల ఫ్యానును, కృష్ణ దాటి రాయచూరు పాతసామాను దుకాణమునుండి నాలుగంగుళముల పీవీసీ గొట్టమును, సందులోని సైకిలు షాపునుండి చినిగిన ట్యూబులను సంగ్రహించి, వీని వ్యయమునంతను ఒక నోటుపుస్తకమున వ్రాసిరి. రాయచూరు బస్సు ఛార్జీలు మాత్రము అందు కానరావు. అవి 'బంధుదర్శనము' అను పద్దునకు చేరినవి. రాయచూరులో వారికి బంధువులు లేరు.

ఇక యంత్రవైభవము. వృత్తవైశాల్యము వ్యాసార్ధవర్గమును బట్టి మారునని ఎన్ని తరముల బాలురకో బెత్తముతో బోధించిన యీ మహనీయుడే, పండ్రెండంగుళముల ఫ్యానునకు నాలుగంగుళముల గొట్టమును తగిలించి, గాలి పోవు ద్వారమును తొమ్మిదవవంతునకు కుదించిరి. చాలదన్నట్లు, పొట్టు ఇంటిలోనికి రాకుండవలెనని తలుపుసందులను, రేకులసందులను, గోడలోని ఎలుకబొక్కతో సహా, సైకిలు ట్యూబుముక్కలతో మూసివైచిరి. లోనికి వచ్చు త్రోవ లేని గాలి వెలుపలికి ఎట్లు పోగలదు? ఫ్యాను మాత్రము విమానఘోషతో తిరుగుచుండెను. పరీక్షార్థము వెలిగించిన ఊదుబత్తి పొగ, యోగి వెన్నెముకవలె నిటారుగా నిలిచియుండెను. "దేవునింట్ల పెట్టిన దీపం గాలికి ఆరిపోతున్నది, మీ కొట్టంల ఊదుబత్తి పొగ కదల్తనే లేదు. గాలి ఏడికి పోయిందంటరు?" అని వారి ధర్మపత్ని గుమ్మమున నిలిచి అడిగిన ప్రశ్నకు, గాలి ఇంకను 'అలవాటు పడవలెను' అని సారు సమాధానము.

గాలి లోనికి వచ్చుటకొక ద్వారము కావలెనని అంగీకరింపక తప్పలేదు. ఏ దిక్కున? ఈ సమస్యను వారు సాక్షాత్తు వాయునందనుని సహాయముతో పరిష్కరించిరి. మక్తల్‌లో వెలసిన స్వామి పడమటి ఆంజనేయుడు. కొడుకు పడమరకు ముఖము పెట్టి నిలిచియున్నాడనిన తండ్రి ఆ దిక్కునుండియే వచ్చునని వేరుగ చెప్పవలెనా? కావున పడమటిగోడలో నేలకు జానెడెత్తున గాలి వచ్చు కిటికీయు, తూర్పుగోడలో రేకుల క్రింద గొట్టపుమూతియు ఏర్పడెను. హాస్యమునకు చెప్పుటగాదు, తర్కము వంకరయైనను ఫలితము సరియైనది: చల్లనిగాలి క్రిందనుండి ప్రవేశించును, కాగిన రేకులక్రింద వేడెక్కిన గాలి పైకిలేచి పోవును, జ్యేష్ఠమునుండి భాద్రపదమువరకు నైరృతి పవనము వెనుకనుండి త్రోయును. ఆ నాలుగు మాసములు ఊదుబత్తి పొగ వంగి నమస్కరించుచు తూర్పునకు సాగెను. ఆ రోజులలో వారి దర్శనమునకు పోయినవారెల్లరు, గనులలోనికి గాలి పంపుటకు తిత్తులను, విసనకఱ్ఱల చక్రములను, గాలివాటునకు తిరుగు పీపాలను వర్ణించిన అగ్రికొలా గ్రంథము, గ్రంథకర్త మరణించిన మరుసటి సంవత్సరము, 1556లో అచ్చయిన వృత్తాంతమును టీ చల్లారువరకు వినవలసివచ్చెను.

ఆశ్వయుజము దాటినది. గాలి ఈశాన్యమునకు తిరిగినది. తూర్పుమూతినుండి పోవలసిన పొట్టు తూర్పుమూతినుండియే మరలివచ్చి సారు శిరస్సుపై అక్షతలవలె రాలజొచ్చెను. దానితోబాటు తూర్పింటివారి ఎండుమిరప తాలింపు ఘాటును గొట్టమునబడి వచ్చుటచే, వార్నీషు వేయుచున్న సారు ఒక్కొక్క తుమ్మునకు ఒక్కొక్క గీతను పీటపై అదనముగా గీసిరి.

ఒక్క విషయమున మాత్రము నేను వారికి చేతులు జోడింతును. థిన్నరు ఆవిరి నిండిన గదిలో స్విచ్చి నొక్కినపుడు పుట్టు మిణుగురంత రవ్వయే కొంప కాల్చగలదని యెఱిగి, స్విచ్చిని ఎవ్వరును చెప్పకుండగనే కొట్టము వెలుపలికి మార్చిరి. అందులకై వైరును మాత్రము పాతది వాడక కొత్తది కొనిరి. నోటుపుస్తకములో ఆ పద్దుక్రింద ఎఱ్ఱసిరాతో రెండు గీతలున్నవి.

ఇప్పుడు గొట్టమును కప్పు దాటించి నిలువుగా పైకెత్తి, ఏ గాలికైనను వెనుకకు తిరుగని మూతిని అమర్చవలెనని సంకల్పము. దానికి ఆధారముగా తూర్పింటివారి మిద్దెగోడలో రెండు మేకులు దిగవలెను. అనుమతికై సారు స్వయముగా విచ్చేసినపుడు, ఆ ఇంటి పెద్దమ్మ వర్షకాలమంతయు తన మిరపకాయలపై పడిన పొట్టును చేటలో చెరుగుచునే తలయెత్తి, "మా బిడ్డ పెండ్లికి పీట చేసిస్తనంటివి సారూ. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు. ముందు పీట తే, మేకుల సంగతి ఎనక చూద్దాం" అనెను.

కొట్టములో గాలి సరిగా ఆడనిదే పీట పని సాగదనియు, మేకులు దిగనిదే గాలి ఆడదనియు, సారు ఆమెకు సున్నపుగోడపై బొగ్గుతో పటము గీచి వివరించుచున్నారు.