గుర్రం పేరు పొడుగైతే

నింటెండో స్విచ్‌ని ఆ కంపెనీ మన దేశంలో అధికారికంగా అమ్మదు. అందుకని మన ఊళ్ళలో ఎవరింట్లోనైనా స్విచ్ కనబడిందంటే, దాని వెనక ఓ అమెరికా చుట్టం ఉన్నాడనే లెక్క. మా చెల్లెలింట్లో ఉన్నదాని వెనక ఉన్నది మా బావ తమ్ముడు. 2017 డిసెంబర్లో డల్లాస్ నుంచి వస్తూ పట్టుకొచ్చాడు. మెషీనైతే ఇచ్చాడు గానీ, ఆటలు ఎవరు కొనాలన్న ప్రస్తావన ఎవరూ తేలేదు. పేరున్న కొత్త ఆట ఒక్కోటీ అప్పట్లో అక్కడే 60 డాలర్లు. మా చెల్లెలు ఆ డాలర్లని రూపాయల్లోకి, ఆ రూపాయల్ని కందిపప్పులోకి మార్చి చూసుకుని, ఇక ఆ మాట ఎత్తొద్దంది.

అప్పుడు ఆరో క్లాసు చదువుతున్న మా మేనల్లుడు ఇప్పుడు బీటెక్. ఈమధ్య వాడు స్విచ్‌ని హ్యాక్ చేస్తానని కూర్చున్నాడు. మా బావ ఏమీ అనలేదు. ఆయన ఏ విషయంలోనూ ఏమీ అనడు. చెల్లెలు మాత్రం ససేమిరా అంది. "అన్నయ్యా, వాడికి నువ్వన్నా చెప్పు, పోలీసులొస్తారేమోనని భయంగా ఉంది" అని ఫోను చేసింది. పంచాయతీ అలా నా నెత్తిన పడింది.

ఈ తీర్పు చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటయ్యా అంటే, నకలు సరుకు మీద పెరిగినవాణ్ణి. మా చిన్నప్పుడు వీధి మొత్తానికి ఒకే ఒక్క వీడియోగేమ్ ఉండేది. అది 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కి ఎవరో చేసిన నకలని పెద్దయ్యాక తెలిసింది. అందులో దూర్చే కాసెట్టు మీద '9999 ఇన్ 1' అని ఉండేది. తీరా చూస్తే అదే మారియో, అదే కాంట్రా, అదే ట్యాంకుల ఆట పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మా తరానికి హ్యాక్ చేయాల్సిన ఖర్మే పట్టలేదు. మెషీనూ నకలే, కాసెట్టూ నకలే, ఇక పగలగొట్టడానికి తాళం ఎక్కడుంది? తర్వాతెప్పుడో ప్లేస్టేషన్ 2ల కాలంలో సికింద్రాబాద్‌లో ఒక కొట్టుకి వెళితే, "చిప్పు వేసింది కావాలా, వెయ్యనిది కావాలా?" అని అడిగారు. ఆ చిప్పు వేస్తే నకలు డిస్కులూ ఆడతాయి. అందులో నేరమేదో ఉందన్న అనుమానం కొట్టువాడికీ లేదు, నాకూ లేదు.

సరే, ముద్దాయి వాదన విందామని ఆదివారం వెళ్ళాను.

"ముందు సీరియల్ నంబర్ చూడాలి మామయ్యా" అని మొదలెట్టాడు. స్విచ్ లోపల ఉండేది ఎన్విడియా వాళ్ళ టెగ్రా ఎక్స్1 చిప్పు. అది నిద్ర లేవగానే చదువుకునే మొదటి ప్రోగ్రాములోనే ఒక లోపం ఉందని 2018 ఏప్రిల్లో బయటపడింది. ఆ ప్రోగ్రాము ఫ్యాక్టరీలోనే చిప్పులో చెక్కేసి ఉంటుంది. ఎన్ని అప్‌డేట్లు పంపినా అప్పటికే అమ్ముడుపోయినవాటిలో దాన్ని దిద్దడం నింటెండో వల్ల కాదు. 2018 మధ్య నుంచి తయారైనవాటిలో సరిచేశారు. కాబట్టి పెళ్ళిచూపుల్లో నక్షత్రం అడిగినట్టు ఈ రంగంలో అందరూ సీరియల్ నంబరే అడుగుతారట. మా బావ తమ్ముడు తెలియక తెచ్చినా, తెచ్చింది మంచి నక్షత్రంలో పుట్టిన మెషీను.

జేబులోంచి గోరంత ప్లాస్టిక్ ముక్క తీసి చూపించాడు. కాలేజీ ల్యాబులో త్రీడీ ప్రింటర్ మీద చేసుకున్నాడట. అడుగున సన్నటి రాగితీగ. దాన్ని మెషీనుకి కుడిపక్కనున్న గాడిలో తోస్తే, లోపలి పిన్నుల్లో రెండింటిని ఆ తీగ కలుపుతుంది. అలా పెట్టి, వాల్యూమ్ పెంచే మీట నొక్కిపట్టి ఆన్ చేస్తే లోపలికి దారి తెరుచుకుంటుంది.

"తెరుచుకుందని ఎలా తెలుస్తుందిరా?"

"స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది."

"పాడైతే?"

"అప్పుడూ నల్లగానే ఉంటుంది మామయ్యా."

జయానికీ అపజయానికీ ఒకే ముఖం ఉన్న విద్య ఇదొక్కటే చూశాను.

నా ముఖం చూసి వాడికి ఉత్సాహం వచ్చి, పాత గాథలు ఎత్తుకున్నాడు. వాటిలో నన్ను పడగొట్టింది గుర్రం కథ. 2008లో నింటెండో వీ అనే మెషీన్‌ని బద్దలు కొట్టింది ఒక గుర్రం పేరు. దాని మీద ఆడే ఒక జెల్డా ఆటలో మొదట్లోనే మన గుర్రానికి మనమే పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరుకి ఇన్ని అక్షరాలని గళ్ళు కేటాయించారు గానీ, దాచుకున్న ఫైల్లోంచి చదివేటప్పుడు పేరు గళ్ళు దాటిందా లేదా అని సరిచూసే ఏర్పాటు చేయలేదు. కొందరు మహానుభావులు ఆ ఫైల్లో గుర్రానికి చాంతాడంత పేరు రాసిపెట్టారు. పేరు గళ్ళు దాటి పక్క మెమరీలోకి పొర్లింది. అలా పొర్లిన భాగంలో ఉన్నది పేరు కాదు, ప్రోగ్రాము. మెషీను దాన్ని నమ్మి నడిపేసింది.

నాకు నింటెండో మీద జాలేసింది. ఇంటిపేరుతో, వెంకట సత్య సూర్య నాగ వరప్రసాదాలతో సహా నా పేరు ఏ దరఖాస్తు గళ్ళలోనూ పట్టదు. ఇంటర్ అప్లికేషన్లో నాగ దగ్గర గళ్ళు అయిపోతే గుమాస్తా నన్ను అక్కడికే ఖాయం చేశాడు. నేను నాగగానే పాసయ్యాను. గళ్ళు అయిపోతే పేరు ఆపెయ్యాలని మన గుమాస్తాకి తెలుసు. జపాన్ ఇంజనీర్లకి తట్టలేదు.

ఇక నష్టాల సంగతి. చెల్లెలి భయం పోలీసుల గురించి కాబట్టి ముందు జైలు కథ చెప్పాను. మారియో ఆటలో విలన్ పేరు బౌజర్. 2019లో నింటెండో అమెరికా శాఖకి అధ్యక్షుడైన పెద్దమనిషి పేరు డగ్ బౌజర్. హ్యాకింగ్ సరుకు అమ్మే ముఠాలో పనిచేసి దొరికిపోయినవాడి పేరు గ్యారీ బౌజర్. సినిమాలో రాస్తే అతిగా ఉందని కొట్టేస్తారు. 2022 ఫిబ్రవరిలో అమెరికా కోర్టు ఈ మూడో బౌజర్‌కి 40 నెలల జైలు వేసింది. సివిల్, క్రిమినల్ కేసులు రెండూ కలిపి నింటెండోకి అతను బాకీపడ్డది కోటీ 45 లక్షల డాలర్లు. మా చెల్లెలు దాన్ని కందిపప్పులోకి మార్చలేక ఊరుకుంది.

"అది అమ్మినవాళ్ళకి మామయ్యా, ఇంట్లో చేసుకునేవాళ్ళకి కాదు" అన్నాడు వాడు. నిజమే. మన దగ్గర మాత్రం 2012 సవరణలో కాపీరైట్ చట్టానికి 65ఏ అనే సెక్షన్ చేరింది. హక్కుల్ని కాజేసే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా కూడా. మా వీధి వకీలుగారు ఈ మాట చెబుతూ "ఉద్దేశం" దగ్గర ఒక్క క్షణం ఆగి, వాదన సాగదీయబోయి, నేను ఫీజిచ్చే క్లయింటుని కానని గుర్తొచ్చి కాఫీ తాగేశారు.

అసలు దెబ్బ జైలు కాదు, వెలి. హ్యాక్ చేసిన సంగతి పసిగడితే నింటెండో ఆ మెషీన్‌ని తన ఆన్‌లైన్‌లోంచి శాశ్వతంగా వెలేస్తుంది. 2025 మేలో అమెరికా వినియోగదారుల ఒప్పందాన్ని తిరగరాసి, మాట వినని మెషీన్‌ని పూర్తిగా పనికిరాకుండా చేసే హక్కు కూడా రాసుకుంది. హ్యాకర్లేమో దొరక్కుండా మెషీన్‌కి ఇంటర్నెట్ తగలనివ్వరు. అప్‌డేట్ వస్తే చేయరు. తమ దొంగ సాఫ్ట్‌వేర్‌కి కొత్త రూపం వచ్చేదాకా కాచుకు కూర్చుంటారు. మెమరీ కార్డు పాడైతే మళ్ళీ మొదటికి. మడి కట్టుకోవడమంటే ఇదే కదా.

ఇదంతా విని, "హ్యాక్ చేశాక మొట్టమొదట ఏ ఆట ఆడతావురా?" అన్నాను.

వాడు కంగుతిన్నాడు. పైకి చూశాడు. గోడ మీది క్యాలెండర్ చూశాడు. "ముందు... థీమ్ మారుస్తా మామయ్యా" అన్నాడు.

వీడికి కావలసింది ఆట కాదు, తాళం తీయడం. అదే అయితే కాపలావాడున్న ఇంటికే వెళ్ళాలా? వాడి డల్లాస్ బాబాయే అంతకుముందెప్పుడో పంపిన నింటెండో పాత మెషీను 3డీఎస్ బీరువా పైన దీపావళి ప్రమిదల పక్కన పడుంది. దాని ఆన్‌లైన్ అంగడిని నింటెండోయే 2023 మార్చిలో మూసేసింది. 2024 ఏప్రిల్లో ఆన్‌లైన్ ఆటలూ దాదాపు ఆపేసింది. కొందామన్నా అమ్మేవాడు లేడు, వెలేద్దామన్నా ఊరే లేదు. పైగా అమెరికాలో కొన్న 3డీఎస్‌లో జపాన్ కాసెట్టు నడవదు, తాళం అలాంటిది. పాత ఆటల సంగతి అంతా ఇలాగే ఉంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు బజార్లో దొరకడం లేదని తేలింది. అంగడి మూసినా హక్కులు కంపెనీవే, నాకు తెలుసు. కానీ డబ్బు పట్టుకెళ్ళినా సరుకివ్వనివాడి తరఫున వాదించడం నా వల్ల కాదు. స్విచ్ జోలికి వెళ్ళొద్దు, 3డీఎస్ నీ ఇష్టం అని తీర్పు చెప్పేశాను.

ఆ సాయంత్రమే మొదలెట్టాడు. మొత్తం బ్యాకప్ తీసుకున్నాకే చెయ్యి పెట్టాడు, అక్కడ మాత్రం మెచ్చుకోవాలి. భోజనాల వేళకి అయిపోయింది. మా చెల్లెలు గరిటె పట్టుకుని వాడి భుజం మీంచి తొంగి చూసింది.

"అంటే, కంపెనీవాళ్ళు వేసిన తాళం నువ్వు తీసేశావన్నమాట."

"అవునమ్మా."

"అయితే మన టీవీలో ఆ డబ్బు కట్టే సీరియళ్ళు ఉన్నాయి చూడు, అవి కట్టకుండా వచ్చేట్టు చేసి పెట్టరా నాన్నా."

వాడు తలెత్తి తల్లిని నిలువునా చూశాడు. "తప్పమ్మా, అది నేరం. సెక్షన్ 65ఏ."