మా కారు ఎడమవైపు అద్దానికి బహిరంగ లేఖ

అమ్మ కూర్చునే పక్క అద్దానికి,

మొన్నటిదాకా బటన్ నొక్కితే మోటారు మూలిగేది. నువ్వు నాలుగు వేళ్ల మేర కదిలి ఆగిపోయేదానివి. దిగిన రోజున మళ్లీ ఎక్కేదానివి కాదు. రాజోలు దాటి అంతర్వేది వెళ్లిన ప్రతిసారీ నిన్ను అరచేతులతో పట్టి పైకి లాగడం అలవాటైపోయింది. ఏసీ ఉందిగా, అద్దంతో పనేముందిలే అని రెండేళ్లు ఊరుకున్నాను. నిరుటి వానాకాలం ఆ మాట మరిచిపోయేలా చేసింది.

సాయంత్రం కాలువ గట్టు మీద వస్తున్నాం. ఎదురుగా కొబ్బరికాయల లోడు లారీ. దారి ఇద్దామని ఎడమకు దిగాను. నానిన మట్టిలో ముందు చక్రం జారి, బండి కాలువ వైపు ఒరిగింది. అమ్మ నీ బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. నువ్వు కదల్లేదు. లారీ వాళ్లే దిగొచ్చి తాడు కట్టి లాగారు కాబట్టి బయటపడ్డాం. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

మన ఊళ్లలో నువ్వు గాలి కోసం పెట్టిన కిటికీవి మాత్రమే కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ గోదావరి డెల్టా అంతా కాలువలు పారాయి. వాటి గట్లే చాలాచోట్ల మనకు రోడ్లు. లొల్ల లాకుల నుంచి లంక ఊళ్ల దాకా ఒక పక్క చేను, మరో పక్క నీళ్లు; చాలా మలుపుల్లో అడ్డుగోడ కూడా ఉండదు. కారు నీళ్లలో పడితే బయటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. కరెంటు అద్దాలు మాత్రం మొదటి కొద్దిసేపు చాలావరకు పనిచేస్తాయి. ఆ కాసేపట్లోనే బెల్టు విప్పుకుని, అద్దం దించుకుని బయటికి రావాలి. దిగకపోతే పగలగొట్టాల్సిందే. పక్క అద్దం చాలా కార్లలో గట్టిపరచిన గాజు. మోచేత్తో కొడితే పగలదు, మొనదేలిన చిన్న సుత్తితో మూల మీద కొట్టాలి. ముందు అద్దం జోలికి పోకూడదు. దాని పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి పగిలినా ఊడిరాదు.

నువ్వు ఎందుకు బిగుసుకున్నావో ఆ తర్వాతే తెలుసుకున్నాను. నువ్వు జారేది రెండు పక్కలా ఉన్న రబ్బరు గాడిలో. అంబాజీపేట దారిలో కాయలొలిచే దిబ్బల దగ్గర లేచే పీచు పొట్టు, సముద్రపు గాలి తెచ్చే ఉప్పు తడి, రోడ్డు దుమ్ము అన్నీ ఆ గాడిలోకే చేరతాయి. దాని మీద నేను కొబ్బరినూనె రాశాను. మనం తలుపు బందుకీ అదే రాస్తాం, తలకీ అదే రాస్తాం. నూనె దుమ్మును పట్టుకుని జిగురు ముద్దయింది. గ్రీజు రాసినా ఇంతే, పైగా రబ్బరు ఉబ్బుతుంది.

మొన్న ఆదివారం నిన్ను కిందికి దించి, సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి సబ్బునీళ్లతో గాడి పొడుగునా తుడిచాను. ఆరు గుడ్డలు నల్లబడ్డాయి. బాగా ఆరనిచ్చి సిలికాన్ స్ప్రే కొట్టి, పదిసార్లు దించి ఎక్కించాను. తలుపు అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రాలుంటాయి. అవీ మట్టితో పూడిపోయాయి, పుల్లతో పొడిచాను. గ్లాసెడు మురికినీళ్లు కారాయి. ఆ నీళ్లు లోపల నిలిచిపోతే ముందు రేకు, తర్వాత మోటారు తుప్పు పడతాయి.

ఇప్పుడు నువ్వు ఆగకుండా దిగుతున్నావు.

చదువుతున్నవాళ్లకు రెండు మాటలు. అద్దం మెల్లగా కదిలితే ముందు ఇంజన్ ఆన్‌చేసి చూడండి. అప్పుడు చురుగ్గా కదిలితే లోపం బ్యాటరీది కావచ్చు. గాడి శుభ్రం చేశాక కూడా అద్దం వంకరగా ఎక్కినా, లోపల టకటకమన్నా, అద్దాన్ని ఎత్తిదించే రెగ్యులేటర్ తీగో క్లిప్పో పోయి ఉండొచ్చు. బటన్ అదేపనిగా నొక్కి మోటారును కాల్చుకోకండి, తలుపు విప్పించి బాగు చేయించండి. మోటారు బాగానే ఉంటే చాలా కార్లలో మొత్తం సెట్టు మార్చనక్కర్లేదు.

వానలు మొదలయ్యేలోపు, గట్టెక్కే ముందు, నాలుగు అద్దాలూ ఒకసారి పూర్తిగా దించి ఎక్కించి చూడండి. పిల్లలు కూర్చునే వెనక అద్దాలతో మొదలుపెట్టండి.