సటీక తాత్పర్య సహిత ఆవకాయ సందేశం

మూలం: “ఫ్రెండ్స్! మా హోమ్‌మేడ్ ఆవకాయ ప్రాజెక్టు సక్సెస్‌ఫుల్‌గా పూర్తయింది. స్క్రాచ్ నుంచి అంతా మేమే చేశాం. రేపు మధ్యాహ్నం లాంచ్. ఆకలితో రండి. ఎవరి ప్లేటు వాళ్లు తెచ్చుకోండి.”

అవతారిక: మూలాన్ని పాఠకుడి ముందుకు దించే మాటకు అవతారిక అని పేరు. అందులో కర్త ఎవరు, కాలం ఏది, ప్రయోజనం ఏమిటి అని విచారించడం వ్యాఖ్యాతల మర్యాద కనుక ఇక్కడా ఆ మర్యాద తప్పలేదు. కర్తలు నలుగురు, కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో కలిసి అద్దెకు ఉంటున్న, పాతికేళ్లకు అటూ ఇటూ అయిన ఉద్యోగస్తులు. కాలం మే నెలలో ఒక శనివారం, రాత్రి 11 గంటల 40 నిమిషాలు. దీనికి వాట్సాప్ వేసిన ముద్రే ఆధారం. ప్రయోజనం వివాదాస్పదం.

తెలుగునేల కన్న వ్యాఖ్యాతలలో అగ్రగణ్యుడూ, నేటి మెదక్ జిల్లా కొల్చారమైన కోలాచలానికి చెందినవాడూ అయిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర లేనిది చెప్పననీ ప్రతిన పట్టి సంస్కృత పంచకావ్యాలకు వ్యాఖ్యలు రచించాడు. ఈ వ్యాఖ్య ఆ రెండు ప్రతినలలో దేనినీ పాటించదు. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్యకు సంజీవని అనీ, కిరాతార్జునీయానికి రాసినదానికి ఘంటాపథమనీ పేర్లున్నట్టే దీనికి ‘వాసెన’ అని పేరు. వాసెన అంటే జాడీ మూతికి బిగించి కట్టే గుడ్డ. లోపల ఉన్నది పైకి కనబడకుండా చేస్తుంది కనుక వ్యాఖ్యకు తగిన పేరే.

ఫ్రెండ్స్: సుగమం. సుగమమంటే సులభంగా తెలిసేది అని అర్థం. వ్యాఖ్యాతకే తెలియని చోట కూడా ఈ మాట రాసి దాటిపోవడం కద్దు.

హోమ్‌మేడ్: ఇంట్లో చేసిన. ఇది విశేషణం, అంటే ఒక వస్తువును తక్కిన వాటినుంచి వేరుచేసి చూపే మాట. ఒక గుణం ఆ వస్తువుకు ఉండడానికీ, లేకపోవడానికీ రెండింటికీ అవకాశం ఉన్నప్పుడే విశేషణానికి సార్థకత అని శాస్త్రకారుల నిర్ణయం. చల్లని నిప్పు అనడం కుదరదు, వేడి నిప్పు అనడం దండగ. ఏలూరులోనో కరీంనగర్‌లోనో ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున పెసరట్టూ మధ్యాహ్నం పప్పూ చారూ వడ్డిస్తున్న తల్లి తన చారును ఎన్నడూ ‘ఇంట్లో చేసిన చారు’ అనలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో మరొక చారు లేదు. తక్కిన ఇరవై తొమ్మిది రోజులూ తిండి బైకు మీద వచ్చే ఇంట్లోనే ఈ విశేషణానికి వ్యావర్తకత్వం, అంటే వేరుచేయగల శక్తి, సిద్ధిస్తుంది. కనుక హోమ్‌మేడ్ అనే పదం ఆవకాయను గురించి చెప్పేది స్వల్పం, ఫ్లాటును గురించి చెప్పేది విస్తారం.

ఆవకాయ: ఆవతో కూడిన కాయ. ఇక్కడ ఒక శంక. మాగాయలో కకారం గకారంగా మారింది, కూరగాయలోనూ మారింది. ఆవకాయలో మాత్రం ఎందుకు మారలేదు? ప్రథమా విభక్తి మీద వచ్చే క, చ, ట, త, ప అనే పరుషాల చోట వరుసగా గ, స, డ, ద, వ రావడాన్ని గసడదవాదేశం అంటారు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి దీనిని విధిస్తూ బహుళమన్నాడు. బహుళమంటే వ్యాకరణ పరిభాషలో ఒకచోట తప్పక జరగడం, ఒకచోట అసలు జరగకపోవడం, ఒకచోట జరిగినా జరగకున్నా సరిపోవడం, మరొకచోట చెప్పినదానికి భిన్నమైనదేదో జరగడం, ఈ నాలుగూను. వంట భాషలోకి దించితే దీనికి ‘రుచికి తగినంత ఉప్పు’ అని పేరు. సూత్రం చెప్పినవారి చేతికి తెలుసు, విన్నవారి చేతికి తెలియదు, తేడా వస్తే తప్పు విన్నవారిది. ఆవకాయ పాళ్లు చెప్పే పెద్దవారందరూ ఈ సంప్రదాయంలోని వైయాకరణులే. కారమూ ఆవపిండీ సమానమనీ, ఉప్పు ఒక పిసరు తగ్గించమనీ చక్కని సూత్రం చెప్పి, “కాయ పులుపును బట్టి చూసుకోరా నాన్నా” అని బహుళంతో ముగిస్తారు. ‘బట్టి’ అంటే ఎన్ని గ్రాములమ్మా అని అడిగిన కొడుక్కి ఇంతవరకు ఏ శాస్త్రంలోనూ జవాబు లేదు.

అయితే ద్వంద్వ సమాసానికి వచ్చేసరికి సూరి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం ఉండేది ద్వంద్వం. అందులో తల్లిదండ్రులు, కూరగాయలు అన్నట్టుగా పరుషం మారి తీరాలి. ఆవయూ కాయయూ అని ద్వంద్వంగా విడదీస్తే ‘ఆవగాయ’ కావలసి వచ్చేది. ఏ జిల్లాలోనూ ఎవరూ అలా అనరు కనుక ఆవకూ కాయకూ సమానత్వం లేదని సిద్ధాంతం. ఇది తత్పురుషం, అంటే చివరి పదానికి ప్రాధాన్యం ఇచ్చే సమాసం. కాయే ప్రధానం. అందుకే పెద్దవారు కాయ కోసం అంతగా తాపత్రయపడతారు; పీచూ పులుపూ ఉండాలి, టెంక ముదరాలి, ప్రతి ముక్కకూ కొంత టెంక అంటుకుని రావాలి, లేకపోతే నూనెలో నానిన ముక్క వర్షాకాలం రాకముందే మెత్తబడి గుజ్జవుతుంది.

ఆవ అప్రధానమని తేలినంత మాత్రాన దాన్ని చిన్నచూపు చూడడం తగదు. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి ఆ ఘాటును పుట్టిస్తుంది. గింజను వేయిస్తే ఆ ఎంజైము నశిస్తుంది కనుకనే పోపులో చిటపటలాడిన ఆవాలు ముక్కుకు ఎక్కవు, ఎండలో మాత్రమే పెట్టి కొట్టిన ఆవపిండి కళ్లనీళ్లు తెప్పిస్తుంది. ఎంజైము పేరు వినని అమ్మమ్మలు “ఆవాలు వేయించకూడదు, ఎండబెట్టాలి” అన్న రెండు మాటల్లో ఈ రసాయన శాస్త్రమంతా చెప్పేశారు. వారికి ఏ విశ్వవిద్యాలయమూ శాలువా కప్పలేదు.

ప్రాజెక్టు: తెలుగువారికి ఈ మాట చిరపరిచితం, ఆనకట్ట అని అర్థం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగితే కాలువలకు నీళ్లు వదిలింది 1967లో; ప్రస్తుత ప్రాజెక్టుకు శనివారం సాయంత్రం శంకుస్థాపన జరిగి అదే రాత్రి జాతికి అంకితమైంది. రెండింటికీ సామ్యం లేకపోలేదు. నూనె ముక్కలకు పైన నిలిచినట్టే ప్రతి ప్రాజెక్టు వెనుకా నీరు నిలుస్తుంది, నిలిచిన నీటి కింద ముంపు ప్రాంతం ఉంటుంది. ఇక్కడి ముంపు ప్రాంతం వంటింటి సింకు. పునరావాసం ప్రస్తావన మూలంలో లేదు.

పూర్తయింది, చేశాం: ఈ రెండు క్రియలను కలిపి విచారించాలి, ఎందుకంటే సందేశంలోని దోషమంతా వీటిలోనే ఉంది. తెలుగులో ఆవకాయ ‘చేయరు’, పెడతారు. అట్లు పోస్తారు, గారెలు వేస్తారు, అప్పడాలు ఒత్తుతారు, సున్నుండలు చుడతారు, చారు కాస్తారు, పచ్చడి నూరుతారు. ఇన్ని క్రియలు ఉండగా ‘చేయడం’ ఒక్కటే చేతికి దొరకడం ఆఫీసు అలవాటు. పెట్టు అనే క్రియ ఎక్కడెక్కడ వస్తుందో చూస్తే దాని లోతు తెలుస్తుంది. పాలు తోడు పెడతారు, వడియాలు పెడతారు, కోడిని పొదగబెడతారు, ఆవకాయ పెడతారు. వీటన్నిటిలో మనిషి పని కొంతే; ఉంచి, మూసి, తన దారిన తాను పోవడం వరకే. మిగిలిన పని చీకటి, ఎండ, ఉప్పు, కాలం చేస్తాయి. పాలలో చెంచాడు మజ్జిగ కలిపి “పెరుగు చేశాను” అని రాత్రి పదింటికి ప్రకటించే ఇల్లాలు ఎక్కడా కనబడదు. ఆ మాట అనవలసింది తెల్లవారాక, అది కూడా పెరుగే.

ఈ న్యాయాన్ని బట్టి ‘పూర్తయింది’ అనేది అసత్యం. ఆవకాయ కలిపిన మూడో రోజున వాసెన విప్పి, పొడి గరిటెతో అడుగునుంచి తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోయడం విధి. శనివారం రాత్రి కలిపినదానికి మూడో రోజు సోమవారం. ఆదివారం మధ్యాహ్నానికి అక్కడ ఉండేది ఉప్పూ కారమూ పూసుకున్న పచ్చి మామిడికాయ ముక్కలు. వాటి రుచి గొప్పదే, కాని వాటి పేరు ఇంకా ఆవకాయ కాదు.

స్క్రాచ్ నుంచి: స్క్రాచ్ అంటే గీత, పరుగు పందెం మొదలయ్యేచోట నేలమీద గీసే గీత నుంచి ఈ నుడికారం పుట్టింది. ఈ పందెంలో గీత ఎక్కడ ఉందో నిర్ణయించడం కష్టం. కాయలు రైతుబజారువి, కొట్టినది అక్కడే కత్తిపీట వేసుకుని కూర్చున్నవాడు. కారం ప్యాకెట్టుది, ఆవపిండి ప్యాకెట్టుది, నువ్వుల నూనె సీసాది. కర్తల స్వహస్తాలతో జరిగిన మొదటి కార్యం కత్తెరతో ప్యాకెట్టు మూతి కత్తిరించడం కనుక స్క్రాచ్ శబ్దానికి ఇక్కడ ‘కత్తెర గాటు’ అని అర్థం చెప్పుకోవాలి.

మేమే: ఇది సమాసం కాకపోయినా నలుగురిని ఒక్క పదంలో ఇమిడ్చింది కనుక సమాస న్యాయం వర్తిస్తుంది. ఫొటో దిగేటప్పుడు ఇది ద్వంద్వం, నలుగురికీ సమప్రాధాన్యం. ముక్కలను తడి లేకుండా తుడిచి, జీడి తీసి, లోపలి పొర ఒలిచేటప్పుడు తత్పురుషం, అంటే చివరికి వంటింట్లో మిగిలినవాడిదే భారం. అంట్ల దగ్గరికి వచ్చేసరికి బహువ్రీహి. సమాసంలోని పదాలు వేటికీ ప్రాధాన్యం లేక బయటి మరొకరిని సూచించేదానికి బహువ్రీహి అని పేరు. చక్రపాణి అంటే చక్రమూ కాదు, చెయ్యీ కాదు, విష్ణువు. ఇక్కడ ఆ బయటి వ్యక్తి ఎవరనేదానిపై రెండు మతాలు. కాల్ లాగ్ అనే శాసనాధారాన్ని బట్టి ఆ సాయంత్రం ఏడు నుంచి పదకొండు లోపల ఏలూరుకు ఏడుసార్లు ఫోను వెళ్లింది కనుక ఆ వ్యక్తి కర్తలలో ఒకరి తల్లి అని పూర్వపక్షం. రోజూ పొద్దున ఏడింటికి వచ్చి అంట్లు తోమి వెళ్లే ఆవిడ అని సిద్ధాంతం. ఆవిడను కుదుర్చుకున్నప్పుడు “నలుగురు కుర్రాళ్లమే, రోజుకు రెండు గిన్నెలమ్మా, అంతే” అని చెప్పారు. లాంచ్ అనే మాట ఆ ఒప్పందంలో లేదు.

లాంచ్: స్పష్టం.

ఎవరి ప్లేటు వాళ్లు తెచ్చుకోండి: ఇది ధ్వనికి చక్కని ఉదాహరణ. ధ్వని అంటే పలికిన అర్థం వెనుక వినబడే మరో అర్థం. ‘పొద్దుగూకింది’ అన్న ఒక్క మాట దొంగకు ఒకటీ, పశువుల కాపరికి ఒకటీ, ప్రియుడికోసం ఎదురుచూసే స్త్రీకి మరొకటీ చెబుతుందని ఆలంకారికులు చూపిస్తారు. ఇక్కడ వాచ్యార్థం ప్లేట్లు తక్కువ ఉన్నాయని. వ్యంగ్యార్థం, తిన్నాక వచ్చే కష్టం కర్తలకు ముందే తెలుసునని. తెలిసి అతిథి కంచం గురించి ఆలోచించారు, తమ బేసిను గురించి ఆలోచించలేదు. దీని తరువాతి పంక్తి ‘ఈ సందేశం తొలగించబడింది’ అని మాత్రమే లభిస్తోంది. తాటాకు చెదతిన్నచోట పండితులు ‘గ్రంథపాతం’ అని గుర్తు పెడతారు, అదే గుర్తు ఇక్కడా. “తిన్నాక అందరం కలిసి కడుగుదాం” అని ఉండి ఉంటుందని ఒక ఊహ. తొలగించడానికి కారణం అదే అయి ఉంటుంది.

తాత్పర్యం: నలుగురు యువకులు ఒక శనివారం సాయంత్రం చక్కని పని ఒకటి మొదలుపెట్టారు. అది నిజంగా మెచ్చదగినదే. బయటి సీసా కొనుక్కోకుండా జాడీ కొనుక్కున్నవారిని వెక్కిరించడం ఏ వ్యాఖ్యాతకూ తగదు. వెక్కిరింత ఆ ప్రకటనకే. వారు కలిపిన పెద్ద స్టీలు బేసిను అడుగున ఎర్రని నూనె ఆదివారమంతా అలాగే నిలిచి ఉంది, అంచుల వెంట ఆవపిండి గట్టిపడింది, పక్కకు వేళ్ల గుర్తులు అంటుకున్నాయి. కుర్రవాళ్లు దానిమీద కుళాయి తిప్పారు. నూనె పైకి తేలి, సింకంతా పరచుకుని, జాలీలో మెంతులు అడ్డుపడి, ఆవ ఘాటుకు నలుగురూ తుమ్ముతూ బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. సోమవారం పొద్దున వచ్చినావిడ దాన్ని మూడుసార్లు సబ్బు పెట్టి తోమింది. సందేశంలో కృతజ్ఞతలు లేవు, ‘సక్సెస్‌ఫుల్‌గా’ ఉంది.

ఏలూరు నుంచి వచ్చిన ఏడు ఉపదేశాల తరువాత ఎనిమిదోది ఒకటి ఉండవలసింది, కాని ఆ ఇంట్లో అది చెప్పకుండానే జరిగిపోయేది కనుక తల్లికి చెప్పాలని తోచి ఉండదు. కాబట్టి ఈ వేసవిలో ఆవకాయ పెట్టబోయే ఫ్లాటువాసులకు మనవి: కలపడం అయ్యాక బేసినులో నీళ్లు పోయకండి. వేడి వేడి అన్నం వేసి, అడుగూ అంచులూ అంటేలా చేత్తో కలిపి, చుట్టూ కూర్చుని ఒక్కొక్కరికీ ముద్ద పెట్టండి. అన్నం అయిపోయేసరికి బేసినూ దాదాపు శుభ్రమవుతుంది.